ఏనుగు ముద్ర, గళ్ల కిల్ట్

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్‌లో ఎడిన్‌బరోలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పక్కింటాయన బ్రిటిష్ సైన్యంలో చేసి రిటైరైన స్కాట్. నేనూ ఫౌజీనేనని తెలిసిన మూడో రోజు తలుపు తట్టాడు. చేతిలో బరువైన గళ్ల ఉన్ని బట్ట, దాని మీద నడుముకు ముందువైపు వేలాడదీసుకునే తోలుసంచి. ‘శనివారం కలొడెన్ వెళ్తున్నాం, మీరూ రండి. ఇది నా రెండో కిల్ట్, మీకు సరిపోతుంది’ అన్నాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఫొటో మా ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరితే నా గతేమిటో నాకూ తెలుసు. అయితే నేను వెంటనే ‘సరే’ అనలేకపోవడానికి కారణం అది కాదు.

కలొడెన్ అన్నది స్కాట్లాండ్ ఉత్తరాన ఇన్వర్నెస్ పక్కనున్న బీడు. 1746 ఏప్రిల్ 16న అక్కడ గంటలోపే యుద్ధం ముగిసింది. స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని లేచిన హైలాండ్ తెగలను కంబర్‌లాండ్ డ్యూక్ సైన్యం తుడిచిపెట్టింది. ఆ సైన్యంలోనూ స్కాట్లు ఉన్నారు. తిరుగుబాటు అణిచాక లండన్ ప్రభుత్వం కత్తులతో పాటు బట్టల మీదా పడింది. హైలాండ్ మగవాళ్లు కిల్ట్, గళ్ల బట్ట కడితే మొదటిసారి 6 నెలల జైలు, రెండోసారి పట్టుబడితే 7 ఏళ్లు దేశాంతర శిక్ష. ఈ చట్టం 1782 దాకా నడిచింది. ఒక మినహాయింపు మాత్రం ఇచ్చారు. రాజుగారి సైన్యంలో చేరినవాడు నిక్షేపంగా కిల్ట్ కట్టుకోవచ్చు.

సైనికుడిగా నాకు ఆ మినహాయింపే అసలు సంగతిగా కనిపిస్తుంది. ఓడిన జాతి కట్టును ఊళ్లో నేరం చేసి, పటాలంలో గౌరవం చేశారు. ఆ కట్టు బతికింది సామ్రాజ్యపు యూనిఫాంగానే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు, వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్ల పుణ్యమా అని రాజే స్వయంగా కిల్ట్ తొడిగాడు. తాతల కాలంలో జైలుకు పంపిన బట్ట దర్బారు వేషమైంది. ఈ రోజు స్కాట్లు దాన్ని పెళ్లికి కడతారు, కవి రాబర్ట్ బర్న్స్ జయంతికి కడతారు, 1320 నాటి స్వాతంత్య్ర ప్రకటనకు గుర్తుగా ఏప్రిల్ 6 వచ్చిన వారంలో న్యూయార్క్ వీధుల్లో కట్టుకుని ఊరేగుతారు.

ఇందులో మనకేమిటి అంటారా? హైలాండ్ పటాలాలు ఆ కట్టుతో నడిచిన నేలల్లో మనదీ ఉంది. 1857 నవంబరు 16న లక్నోలోని సికందర్ బాగ్ గోడ పగలగొట్టి లోపల చిక్కుకున్న తిరుగుబాటు సిపాయిలను ఊచకోత కోసిన దళాల్లో 93వ హైలాండర్స్ ముందున్నారు. వారితో పాటు పంజాబ్ పటాలమూ ఉందన్నది మనం అంత ఇష్టంగా చెప్పుకోని విషయం. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే దగ్గర 34 ఏళ్ల ఆర్థర్ వెలెస్లీ సింధియా, భోంస్లేల సేనలను ఓడించాడు. కంపెనీ వైపు 428 మంది చనిపోయారు, 1,138 మంది గాయపడ్డారు. అక్కడ 74వ, 78వ హైలాండ్ పటాలాలున్నాయి. 74వ పటాలంలో క్వార్టర్‌మాస్టర్ ఒక్కడు తప్ప అధికారులంతా చనిపోయారు లేదా గాయపడ్డారు. కంపెనీ ఆ పటాలాలకు ప్రత్యేక పతాకాలిచ్చింది. చిహ్నంగా ఏనుగునిచ్చింది.

అదే ఏనుగు నా టోపీ మీద కూడా ఉండేది. వెలెస్లీ సేనలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలే. వాళ్ల వారసత్వంగా అస్సాయే ఏనుగు మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలోకి వచ్చింది. మా రెజిమెంటల్ సెంటర్ ఉన్న నీలగిరి పట్టణం పేరు వెల్లింగ్టన్. వెలెస్లీకి తర్వాత దక్కిన బిరుదే అది.

ఆ సిపాయిల్లో మనవాళ్లూ ఉన్నారు. 1756లో క్లైవ్ వెంట మద్రాసు నుంచి బెంగాల్ వెళ్లిన సిపాయిలను చూసి అక్కడివాళ్లు ‘తిలంగాలు’ అన్నారు, అంటే తెలుగు నేల వాళ్లని. ఆ పేరు మనిషిని వదిలి కోటుకు అతుక్కుంది. తెల్లవాడి తరహా యూనిఫాం వేసిన ప్రతివాడూ ఉత్తరాదిన తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ సిపాయిలనూ జనం తిలంగాలనే పిలిచారు. మన జాతి పేరు ఇంకొకరి దుస్తులకు పేరైపోయిన చరిత్ర మనది. కిల్ట్ కథ నాకు కొత్తగా తోచకపోవడానికి అదొక కారణం.

యువ అధికారిగా వెల్లింగ్టన్‌లో రిక్రూట్లకు రెజిమెంటు చరిత్ర చెప్పడం నా డ్యూటీల్లో ఒకటి. ఏనుగు కథ దంచి చెప్పేవాణ్ని. ఫిరంగుల ఎదుట వరస చెదరకుండా నడిచిన సిపాయిలు, పట్టుకున్న తోపులు, అన్నీ. ఒకరోజు ప్రకాశం జిల్లా కుర్రాడొకడు లేచి, ‘సర్, అవతలి పక్క ఎవరు?’ అన్నాడు. మరాఠాలు అన్నాను. ‘మరాఠా లైట్ ఇన్‌ఫెంట్రీ వాళ్లా సర్?’ క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కూర్చోమన్నాను. వాడికి జవాబు చెప్పలేదు. ఆ తర్వాత మరాఠా పటాలంతో పక్కపక్క పోస్టుల్లో ఒక చలికాలం గడిపినప్పుడు ఆ ప్రశ్న చాలాసార్లు గుర్తొచ్చింది.

స్వాతంత్య్రం వచ్చాక మన సైన్యం దీన్ని ఒక పద్ధతిలో తేల్చింది. దేశీయులను లొంగదీసిన కంపెనీ యుద్ధాల గౌరవాలను ఇక వేడుకగా జరపకూడదని నిర్ణయించింది. అస్సాయే ఆ జాబితాలోనిదే. వేడుక పోయింది, ఏనుగు మిగిలింది. ఈమధ్య వలస చిహ్నాల ప్రక్షాళన ఇంకా వేగం పుంజుకుంది. 2022లో నౌకాదళ పతాకం నుంచి సెయింట్ జార్జి శిలువను తీసేశారు. అదే ఏడాది బీటింగ్ రిట్రీట్‌లో ‘అబైడ్ విత్ మి’ స్థానంలో ‘ఏ మేరే వతన్ కే లోగో’ వచ్చింది. మన పైప్ బ్యాండ్లు, వాళ్ల భుజాల మీది గళ్ల వస్త్రాలు కూడా పోవాలని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. డెహ్రాడూన్ అకాడమీలో చివరి అడుగు వేసి మేం అధికారులమైనప్పుడు మోగింది ఒక స్కాట్ పాట బాణీయే. అది విన్నప్పుడు నాకు స్కాట్లాండ్ గుర్తురాదు, తిరిగిరాని బ్యాచ్‌మేట్లు గుర్తొస్తారు. గాలి నింపిన తోలుతిత్తి మన జానపదులకూ కొత్తది కాదు. శిలువ తీసినందుకు నాకు బాధ లేదు. బ్యాండ్ మీద చేయి వేస్తే మాత్రం మన సిపాయి వందేళ్లకు పైగా సొంతం చేసుకున్నదాన్ని తిరిగి వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఏనుగునూ ఉంచాల్సిందే. కాకపోతే నేను చెప్పినట్టు సగం కథ చెప్పకూడదు.

తేదీల విషయంలో మాత్రం నేను గట్టిగానే ఉంటాను. 2007లో 1857కు 150 ఏళ్లు నిండిన సందర్భంగా తమ పూర్వీకులకు నివాళి అర్పించడానికి లక్నో వచ్చిన బ్రిటిష్ బృందానికి నిరసనలు ఎదురయ్యాయి. ముసలివాళ్ల మీద రాళ్లు, చెత్త విసరడం నాకు నచ్చలేదు. కానీ గెలిచినవాడు ఓడినవాడి ఊళ్లో జ్ఞాపకదినం జరుపుకోవాలనుకుంటే ముందు ఆ ఊరినీ అడగాలి కదా.

శనివారం నాడు కిల్ట్ పక్కింటాయనకు తిరిగిచ్చేసి, బ్లేజర్, రెజిమెంటు టైతో బయల్దేరాను. కలొడెన్‌లో గాలి ఎముకలు కొరికింది. ఇన్వర్నెస్ గేలిక్ సంఘం ఏటా ఏప్రిల్ 16కు దగ్గరి శనివారం అక్కడ పూలమాలలు వేస్తుంది. గేలిక్‌లో ప్రార్థన, పైపుల మోత, తెగల పేర్లు చెక్కిన సమాధి రాళ్లు. కిల్టులు కట్టిన వృద్ధులు చలికి వణుకుతూ కదలకుండా నిలబడ్డారు. అక్కడ ఆ కట్టు ఓడినవాళ్లదే, చట్టం నిషేధించకముందు ఉన్నట్టుగా.

తిరుగు ప్రయాణంలో ఆయన నా టై మీది ఏనుగును వేలితో చూపి, ‘ఇది మీకెక్కడిది?’ అన్నాడు. వాళ్ల తాత హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీట. 74వ పటాలం కలిసింది అందులోనే. టోపీ బ్యాడ్జి మీద ఏనుగు, దాని పైన అస్సాయే అన్న పేరు. తమాషా ఏమిటంటే ఆ పటాలానికి రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా కిల్టే లేదు. కిల్ట్ వల్ల రిక్రూట్లు రావడం లేదని 1809లో 74తో సహా ఆరు హైలాండ్ పటాలాలకు దాన్ని తీసేశారు. సెప్టెంబరు 23న ఇంట్లో తాత పేరు మీద ఒక గ్లాసు ఎత్తుతామన్నాడు. అప్పుడు నేను ప్రకాశం జిల్లా కుర్రాడి ప్రశ్న ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. చాలా దూరం మాట్లాడకుండా కారు నడిపాడు.

నిరుడు సెప్టెంబరులో ఔరంగాబాద్ పని మీద వెళ్లి, అక్కడి నుంచి అస్సాయే దాకా పోయాను. రెండు చిన్న నదుల మధ్య పత్తి, సోయా చేలు. ఫొటో తీసి ఆయనకు పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది. ఈసారి 23న కిల్ట్ కడతానని, గ్లాసు ఎత్తేముందు రెండు వైపులా పడిపోయిన సిపాయిల పేర్లు చదవాలనుకుంటున్నానని, పంపగలరా అని. మద్రాసు పదాతి, ఆశ్విక పటాలాల నంబర్లు రాసి పంపాను. నా దగ్గర ఉన్నవి అవే.