రాత్రి దగ్గుకు కారణమయ్యే కాపలా కణం

ఈసినోఫిల్ తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో నూరు తెల్లకణాలు లెక్కపెడితే ఇవి ఒకటి నుంచి అయిదు దాకా ఉంటాయి. 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ రక్తపు పూతకు ఈయోసిన్ అనే రంగు పట్టించినప్పుడు వీటి లోపలి రేణువులు నారింజ ఎరుపులో మెరిశాయి. ఆ రంగు పేరే కణానికి వచ్చింది. జనం నోట అది ‘ఇస్నోఫిలియా’ అనే జబ్బు పేరుగా స్థిరపడింది. కణం మాత్రం జబ్బు కాదు, శరీరానికి కాపలాదారు. దాని సంఖ్య ఎందుకు పెరిగిందన్నదే అసలు ప్రశ్న.

పుట్టుకతో వచ్చే రక్షణ

రోగనిరోధక వ్యవస్థకు రెండు అంచెలు ఉన్నాయి. లింఫోసైట్లు, యాంటీబాడీలు ఉన్న అంచె ఒక్కో శత్రువును విడిగా గుర్తుపట్టి సిద్ధం కావడానికి రోజులు పడుతుంది. పుట్టుకతోనే ఉండే సహజ అంచె నిమిషాల్లో, గంటల్లో కదులుతుంది. ఇందులో న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్ కణాలు బ్యాక్టీరియాను మింగి అరాయించుకుంటాయి. మాస్ట్ కణాలు హిస్టమిన్ వదిలి సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. అప్పుడు నాళాల గోడల సందుల్లోంచి ద్రవం, కణాలు కణజాలంలోకి దిగుతాయి. అక్కడ ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుడతాయి. దీన్నే శోథ అంటారు.

మింగడానికి వీల్లేని శత్రువు వస్తే ఈ పద్ధతి చాలదు. ఫైలేరియా పురుగు పిల్ల, అంటే మైక్రోఫైలేరియా, పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది. ఈసినోఫిల్‌కు అది దాదాపు ఇరవై రెట్లు. అందుకే చలిచీమలు పామును పట్టినట్టు ఈసినోఫిళ్లు గుంపుగా దాన్ని చుట్టుముడతాయి. పురుగు ఒంటికి అంటిన యాంటీబాడీలను పట్టుకుని దానిమీద చదునుగా పరుచుకుంటాయి. తర్వాత తమ రేణువుల్లోని ప్రొటీన్లను దాని చర్మం మీద గుమ్మరిస్తాయి. మేజర్ బేసిక్ ప్రొటీన్ అనే విషం పురుగు పైపొరను ఛిద్రం చేస్తుంది. అయితే ఆ విషానికి పురుగు కణమా, మనిషి కణమా అన్న తేడా లేదు. పక్కనే ఉన్న ఊపిరితిత్తి పొర కూడా దానికి చెడుతుంది.

కాలువ గట్టు నుంచి ఊపిరితిత్తి దాకా

ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి మీదుగా కాప్టెన్ కాటన్ కాలువ పోతుంది. ఓటేరి నాలా, బకింగ్‌హాం కాలువ కూడా ఆ చుట్టుపక్కలవే. మురుగు నిలిచిన ఇలాంటి నీళ్లలో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. మన ప్రాంతంలో ఫైలేరియాను మోసేది ఈ దోమే. పెద్ద పురుగులు మనిషి లింఫ్ నాళాల్లో కాపురం పెడతాయి. వాటి పిల్లలు రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా, సరిగ్గా దోమ కుట్టే వేళకు, రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి.

సోకిన వారిలో ఎక్కువమందిలో రోగనిరోధక వ్యవస్థ ఈ పిల్లలను చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. నూటికి ఒక్కరికన్నా తక్కువమందిలో మాత్రం విపరీతంగా స్పందిస్తుంది. ఊపిరితిత్తుల కేశనాళికల్లో చిక్కిన పురుగు పిల్లలపై ఈసినోఫిళ్లు దండెత్తుతాయి. మామూలుగా రక్తంలో మైక్రోలీటరుకు 500 దాటని వీటి సంఖ్య 3,000 మించుతుంది. రాత్రిళ్లు వదలని పొడిదగ్గు, పిల్లికూతలు, ఆయాసం, సన్నజ్వరం వస్తాయి. పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లోనే నాశనమవుతాయి కనుక అర్ధరాత్రి రక్తం తీసి చూసినా కనిపించవు. ఈ జబ్బు పేరు ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫిలియా.

మదనపల్లె, వేలూరు, మద్రాసు

ఎక్స్‌రేలో ఈ జబ్బు చుక్కలు చుక్కలుగా క్షయలాగే కనిపిస్తుంది. అందుకే ఇది తొలుత క్షయ ఆసుపత్రిలో పట్టుబడింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్, సహచరుడు బార్టన్ 1940లో దీన్ని ‘క్షయను పోలిన స్థితి’గా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ట్రాపికల్ ఈసినోఫిలియా అని పేరు పెట్టాడు. 1960లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫ్ గ్రంథుల ముక్కల్లో మైక్రోఫైలేరియాను చూపించారు. దాంతో దోషి దొరికింది.

మద్రాసు చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అమెరికన్ పరిశోధకులతో కలిసి రోగుల ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీరు పంపి, కడిగి, తీసి పరీక్షించారు. 1987లో వెలువడిన ఆ ఫలితాల్లో బయటికొచ్చిన కణాల్లో దాదాపు సగం ఈసినోఫిళ్లే. మామూలు ఊపిరితిత్తుల్లో వాటి జాడ అరుదు. మందు మొదలుపెట్టిన రెండు వారాల్లోపే వాటి సంఖ్య గణనీయంగా పడిపోయింది.

ఆ మందు డైఇథైల్‌కార్బమజైన్. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల దీన్ని 1947లో వెలుగులోకి తెచ్చింది. పరీక్షనాళికలో ఈ మందు ఒక్కటే మైక్రోఫైలేరియాను చంపలేదు. శరీరంలోకి వెళ్లాక మాత్రం పురుగు పిల్లలను సహజ అంచె కణాలకు సులువుగా చిక్కేలా చేస్తుంది. రోగి బరువులో కిలోకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. పురుగు పోతే కాపలాదారూ వెనక్కి తగ్గుతాడు. ఆలస్యమైతే శోథ నెమ్మదిగా కొనసాగి, ఊపిరితిత్తుల్లో పీచు పేరుకుంటుంది. అది మళ్లీ మెత్తబడదు.

అందువల్ల రెండు వారాలు దాటిన రాత్రి దగ్గుకు దుకాణంలో సిరప్ కొనుక్కుని సరిపెట్టుకోకూడదు. కఫం పరీక్షతో పాటు రక్తంలో ఈసినోఫిళ్ల మొత్తం లెక్క కూడా చేయించుకోవాలి. డాక్టరు చెప్పకుండా మందు మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. ఫైలేరియా మాత్రలు ఇంటింటికీ వచ్చినప్పుడు మింగడం, దోమతెర కట్టుకోవడం అంతకన్నా ముందు జాగ్రత్త.