పత్తి, మిరప పొలాల్లో సాలీళ్ళ ఋతుగతి: గుంటూరు–ప్రకాశం మైదానాలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో సాలీళ్ళ సంఖ్య ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. పంట ఎదుగుదల, వర్షపాతం, పురుగుమందుల పిచికారీ అనే మూడింటిని బట్టి అది మారుతుంది. వీటిలో పూర్తిగా రైతు నిర్ణయంపై ఆధారపడినది మూడవది.

వేసవిలో దున్నిన నేలపై సాలీళ్ళు అరుదు. గట్ల మీది గడ్డి, పొదలే వాటికి ఆశ్రయం. తొలకరి తరువాత పత్తి మొలకెత్తగానే, నేలపై పరుగెత్తి వేటాడే లైకోసిడే కుటుంబపు సాలీళ్ళు ముందుగా చేరతాయి. చాలా జాతుల పిల్ల సాలీళ్ళు సన్నని పట్టుపోగును వదలి, గాలిలో తేలి కొత్త పొలాలకు వలసపోతాయి. ఆకులు కమ్మి సాళ్ళు కలిసేసరికి కొమ్మలపై వేటాడే ఆక్సియోపిడే, పూలలో మాటువేసే థోమిసిడే, గూళ్ళు అల్లే అరనిడే కుటుంబాలవి పెరుగుతాయి. సాధారణంగా వర్షాకాలం చివరిభాగంలో వీటి సంఖ్య హెచ్చుతుంది. ఆలస్యంగా నాటే మిరపలో ఈ క్రమం కొంత వెనుకగా నడుస్తుంది. పంట ముగిసి మోళ్ళు పీకగానే సంఖ్య పడిపోతుంది.

విచక్షణలేని పిచికారీ ఈ పెరుగుదలను మధ్యలోనే తుంచివేస్తుంది. అనుకూల వాతావరణంలో తెల్లదోమ మూడు, నాలుగు వారాల్లో ఒక తరాన్ని పూర్తిచేస్తుంది. చాలా సాలీళ్ళు గుడ్డు నుంచి ప్రౌఢదశకు చేరడానికి నెలలు పడుతుంది. మందు రెండింటినీ చంపినా తిరిగి ముందుగా కోలుకునేది తెల్లదోమే.

1980లలో ఈ ప్రాంతపు పత్తిలో ఇటువంటి పరిణామమే సంభవించింది. శనగపచ్చ పురుగుపై సింథటిక్ పైరిథ్రాయిడ్లను మితిమీరి వాడడం, సహజ శత్రువులు నశించడం తెల్లదోమ విజృంభణకు ప్రధాన కారణాలలో చేరాయి. పంటనష్టం, అప్పుల భారం 1987–88లో పత్తి రైతుల ఆత్మహత్యలకు దారితీశాయి. 2021లో మిరపపై నల్ల తామర పురుగు వ్యాపించినప్పుడు కూడా పిచికారీలు విపరీతంగా పెరిగాయి.

సాలీళ్ళు మాత్రమే పంటను కాపాడలేవు. అవి మేలుచేసే కీటకాలను కూడా తింటాయి. అయినా పైరు తొలిదశలో అనవసరపు పిచికారీ మానడం, పొలం చుట్టూ జొన్న వేయడం, గట్ల గడ్డిని తగలబెట్టకపోవడం వాటి స్థిరత్వానికి తోడ్పడతాయి. మందు కొట్టేముందు పురుగులతోపాటు సాలీళ్ళను కూడా లెక్కించడం రైతుకు ఖర్చులేని పని.