నల్లమల కాలిబాటలో వసంతశోభ

వసంతఋతువనగానే మనకు మామిడిచిగురును, కోకిలకూతయు, పెరటిలోని మల్లెపొదయు జ్ఞప్తికి వచ్చును. ఎవ్వరును నాటక, ఎవ్వరును నీరు పోయక, ఎండిన కొండలమీద తమంతట తాము విరియు పూవులను కన్నులార జూచినవారు మనలో కొలదిమందియే. అట్టి పూవులను నడచిపోయి చూడదగిన త్రోవలలో, నల్లమల గుండ శ్రీశైలమునకు బోవు కాలిబాట యొకటి.

ఈ దారి ఆత్మకూరు సమీపమున వెంకటాపురముకడ బయలుదేరి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగ కైలాసద్వారము చేరును. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించినట్లు చరిత్ర చెప్పుచున్నది. నేడు బస్సులు కొండమీదికే పోవుచున్నను, మహాశివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడ యాత్రికులును ఇప్పటికిని వేలకొలదిగ నీ బాటనే నడచుచున్నారు. వారిలో బిడ్డల తల్లులును, ముదుసలి యవ్వలును గలరు. ఆడువారివలన నగునా యను ప్రశ్నకు వారి పాదములే ప్రత్యుత్తరము.

శివరాత్రినాటికి అడవి చాలవరకు ఆకు రాల్చి బోసిగా నుండును. ఆ బోడికొమ్మలమీదనే పూవులు విరియుట యీ వనముయొక్క విశేషము. మోదుగ కొమ్మకొమ్మకును నిప్పు ముట్టించినట్లు పూచును. దాని రేకు చిలుకముక్కువలె వంగియుండుటచేతనే, చిలుకయా యేమి యని భ్రమగొలుపునట్లు, సంస్కృతమున దానికి కింశుకమని పేరు గలిగినది. బూరుగు అరచేయియంత యెఱ్ఱపూవును దాల్చును. రాతినెఱ్ఱెలలో బ్రదుకు కొండగోగు నిండుపసుపు పూతతో ముత్తైదువవలె నిలుచును. ఊడుగ తెల్లని సన్నరేకులతో త్రోవకు కమ్మదనము నిచ్చును. ఉగాదినాటికి ఇప్పపూవులు రాత్రివేళ విచ్చి వేకువను నేల రాలును. చెంచు స్త్రీలు వానిని గంపల కెత్తి, ఎండబెట్టి, ఆహారమునకై దాచుకొందురు. ఎండలు ముదిరినకొలదిని రేలచెట్లు బంగారుగొలుసులవంటి గుత్తులను వ్రేలాడదీయును.

పలాశము, శాల్మలి, మధూకము, అంకోటము, ఆరగ్వధము అను పేళ్లను అమరకోశపు వనౌషధివర్గమున వల్లించినవారము మనలో నెందఱో కలము. కాని పలాశమే మన విస్తళ్లు కుట్టు మోదుగ యనియు, ఆరగ్వధమే రేల యనియు చెట్టును జూపి చెప్పగలవారెందఱు? ఆ చెంచు స్త్రీలు కోశము నెఱుగరు. కాని ప్రతి చెట్టును ఆకు రాలియున్నను బెరడునుబట్టియే పోల్చగలరు. మన చదువును వారి యెఱుకయు కలసినచోటనే నిజమైన విద్య యుండును. ఇంతకు ఆ కలయిక యీ కాలిబాటమీద గాక చావడిలో కుదురదు.

ఆకు రాలిన చెట్టు పూయుటలో ప్రకృతి నేర్పు గలదు. వేసవిలో నీరు వృథాపోకుండుటకై చెట్టు ఆకును విడుచును. ఆకుల మఱుగు లేనందున మోదుగ, బూరుగు పూవులు గోరువంకలకును, తేనెపిట్టలకును దూరమునుండియే కనబడును. అవి తేనె త్రాగుచు పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. పిమ్మట బూరుగు, కొండగోగు కాయలు వేసవిలో పగిలి, దూదితోగూడిన విత్తులు గాలి నెగిరి, తొలకరికి ముందుగ నేల చేరును. కావున సోదరీమణులారా, మనము సిగకై త్రుంచిన పూవు వానకాలమున మొలవవలసిన మొక్కయే కావచ్చును.

పూవుకంటె పెద్ద యపాయము నిప్పు. ఆ దినములలో నేలయంతయు ఎండుటాకు. వంటచేసి ఆర్పక విడిచిన పొయ్యి, పాఱవేసిన చుట్టముక్క యొక్క గాలికి కొండచఱియనే కాల్చును. పెద్దచెట్టు తట్టుకొనినను, పిల్లమొక్క తట్టుకొనజాలదు. ఎదుగు మొక్క లేని యడవి, పసిబిడ్డలు లేని యింటివంటిది. వంటయెఱిగిన మనకు నిప్పు నార్పుట నేర్పవలసినది లేదు. మన వెంటనున్నవారిచే ఆర్పించుటయు మన పనియే.

ఈ యడవి 1983లో పెద్దపులుల రక్షణకై ఏర్పడిన ప్రణాళికలో చేరినది. కావున యాత్రాదినములలో దప్ప అనుమతిలేక అడుగిడరాదు, గుంపును విడువరాదు. వేకువను, చల్లబడిన పిమ్మటను నడచుట మేలు. త్రాగునీరు, అటుకులు, గట్టి చెప్పులు, తలకు చుట్టుకొన నూలువస్త్రము చాలును. చీరకుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొనిన ముండ్లకంపల బాధ తగ్గును. ప్లాస్టిక్కు సంచులను తిరిగి యింటికి దెచ్చుకొనవలెను.

శ్రీశైలము పోవుట కవకాశము లేనివారికి తమ యూరి గుట్ట యుండనే యున్నది. ఫాల్గుణమున ఒక ప్రొద్దుటివేళ పిల్లలను వెంటగొని ఎక్కుడు. ఒక్క మోదుగను జూపి దాని రెండు పేళ్లును చెప్పుడు. మఱుసటి యేట ఆ చెట్టును వారే మీకు చూపుదురు.