వేసవి సైకిలు యాత్ర - టైరులో గాలి

రామగుండము, గోదావరిఖని ప్రాంతపు వేసవి యెండ యెట్టిదో ఇచ్చటి చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. మే మాసమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఆ యెండకు టైరులోని గాలి ఉబ్బి, టైరు పగిలిపోవునని పలువురి నమ్మకము. అందుచే దూరము పోవలసిన యువకులు బయలుదేరుటకు ముందే కొంత గాలి తీసివేసి, మెత్తని టైర్లతో ప్రయాణము సాగింతురు. టైరును కాపాడుటకు చేయు ఈ పనియే టైరునకు చేటు తెచ్చుచున్నది.

వేడికి గాలి వ్యాకోచించుట నిజమే. కాని ఎంత? లెక్క కట్టి చూతము. ఉదయము 30 డిగ్రీల వేడిమిలో, చదరపు అంగుళమునకు 50 పౌండ్ల ఒత్తిడి వచ్చునట్లు గాలి కొట్టితిమనుకొందము. మధ్యాహ్నము తారు రోడ్డుపై టైరు 60 డిగ్రీల వఱకు కాగినదనుకొందము. బయటి వాతావరణపు ఒత్తిడి సుమారు 15 పౌండ్లు కూడ చేర్చినచో, ఉదయము లోపలి గాలి మొత్తపు ఒత్తిడి 65 పౌండ్లు. వాయువుల విషయమున వేడిమిని సున్నకు దిగువ 273 డిగ్రీల నుండి లెక్కింపవలెను. కావున 30 డిగ్రీలు 303 గను, 60 డిగ్రీలు 333 గను అగును. పెరుగుదల రమారమి పదింట ఒక వంతు. 65 పౌండ్లు 71 పౌండ్లకు చేరును. అందులో బయటి ఒత్తిడి 15 తీసివేయగా మిగులునది 56. పెరిగినది ఆఱు పౌండ్లు మాత్రమే! మంచి టైరునకు ఇది లెక్కలోనిది కాదు.

మఱి మధ్యాహ్నవేళ టైర్లు పగులుటలేదా? పగులుచున్నవి. అయితే దోషము గాలిది కాదు. ఎండలో నిలిపిన సైకిలు ట్యూబునకు అంటించిన పాత అతుకు వేడికి సొల్యూషను మెత్తబడి ఊడును. ప్రక్కలు బీటలు వాఱిన ముసలి టైరునుండి ట్యూబు బయటికి ఉబ్బి పగులును. అట్టి టైరును ఇంటి దగ్గఱనే మార్చుకొనవలెను గాని, గాలి తగ్గించి దానిని కాళేశ్వరము దాక నడిపింపజూచుట తెలివి కాదు.

గాలి తక్కువైన టైరు గుంతలో పడినపుడు రిమ్ము నేలను తాకి, నడుమ చిక్కిన ట్యూబును నలిపివేయును. విప్పి చూచినచో ప్రక్కప్రక్కన రెండు చీలికలు కనబడును. అట్టి జంట చీలికలు కనబడినచో ముల్లు కొఱకు వెదకనక్కఱలేదు. గాలి చాలలేదని తెలిసికొనవలెను. ఇంతకంటె పెద్ద ప్రమాదము వేఱొకటి కలదు. బొగ్గు లారీలు తిరుగు రోడ్లపై, లారీ ప్రక్కనుండి పోవునపుడు సైకిలు తిన్ననైన దారిలో నిలువవలెను. ముందు టైరు మెత్తగా నున్నచో హ్యాండిలు మాట వినదు.

ఎంత గాలి యుండవలెనో టైరు ప్రక్కనే ముద్రించి యుందురు. వేసవిలో ఆ పై మితికి అయిదాఱు పౌండ్లు తక్కువగా ఉదయముననే నింపినచో చాలును. మధ్యాహ్నము టైరు గట్టిగా తగిలినదని గాలి వదలరాదు. వదలినచో మఱునాటి ఉదయమునకు అది మఱింత మెత్తబడును. బరువులో సగమునకు పైగా వెనుక చక్రముపైననే పడును. క్యారియరుపై మూటలు కట్టినచో ఇంకను హెచ్చును. కావున వెనుక టైరులో కొంత ఎక్కువ గాలి యుండుట మేలు.

మన సాధారణపు సైకిళ్ళకుండు రబ్బరు గొట్టపు వాల్వులో మామూలు కొలమానముతో ఒత్తిడి కొలుచుట కష్టము. బొటనవ్రేలితో నొక్కి చూచుట అందఱి అలవాటు. కాని వ్రేళ్ళన్నియు ఒక్కటి కావు గదా! దీనికి తేలిక ఉపాయము కలదు. చక్రము ప్రక్కన నేలపై పుల్ల నిలిపి, బరువు లేనపుడు రిమ్ము అంచు ఎంత ఎత్తుననున్నదో గీటు పెట్టవలెను. పిమ్మట మూటలతో సహా మనిషి యెక్కి కూర్చుండగా మరల గీటు పెట్టవలెను. అంగుళమున్నర టైరు అయినచో, ఈ రెండు గీట్ల నడుమ దూరము పావు అంగుళమునకు మించరాదు.

గేరు సైకిళ్ళు కొన్నింటికి మోటారు సైకిలు వాల్వే యుండును. వానికి పెట్రోలు బంకులో గాలి పట్టవచ్చును గాని, ఆ యంత్రము లారీ టైర్లను నింపునది. చిన్న ట్యూబు క్షణములో నిండి పగులవచ్చును. కొద్దికొద్దిగా పట్టి చూచుకొనవలెను.

పెద్దపల్లినుండి రామగిరి కోట చూచి, మంథని మీదుగా కాళేశ్వరము పోదలచినవారు మంథని దాటిన పిమ్మట అడవి దారి కలదని మఱువరాదు. చేతిపంపు, అతుకు సామగ్రి, రెండు మూడు వాల్వు ట్యూబులు వెంట నుంచుకొనవలెను. ఆ చిన్న రబ్బరు గొట్టము ఎండకు త్వరగా చెడును. ముల్లు లేకుండనే గాలి దిగిపోవుటకు తఱచుగా అదియే కారణము. చెట్టు నీడన విశ్రమించి లేచునపుడు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముండ్లు గ్రుచ్చుకొన్నవేమో చక్రము త్రిప్పి చూడవలెను. పంక్చరైన ట్యూబును అతికినపుడు టైరు లోపలి వైపు గుడ్డతో తడిమి చూచిన పిమ్మటనే ట్యూబు ఎక్కింపవలెను. విఱిగిన ముల్లు మొన అందే నిలిచియున్నచో క్రొత్త అతుకు అర మైలు కూడ ఆగదు.