ఆఖరి సెల్యూట్‌కి... ఆ నలుగురు!

‘మనిషి పోయాక మోయడానికి నలుగురినైనా సంపాదించుకోవాలి’ అంటారు పెద్దలు. ఆ నలుగురూ లేకపోతే? ఒకప్పుడు దేశం కోసం తుపాకీ పట్టినవాడే ఒంటరిగా మట్టిలో కలిసిపోవాల్సి వస్తే? అలా జరగకూడదని అమెరికాలో కొందరు పెద్దవాళ్లు పట్టుబట్టారు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, బూట్లు మెరిపించుకుని శ్మశానానికి వెళుతున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం... పైసా ఆశించకుండా!

2019 జనవరి. టెక్సస్ రాష్ట్రంలోని కిలీన్ పట్టణం. అక్కడి మాజీ సైనికుల శ్మశానవాటికలో ఓ 72 ఏళ్ల వ్యక్తికి అంత్యక్రియలు జరగాలి. వియత్నాం యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేశాడాయన. నా అన్నవాళ్లెవరూ వచ్చేలా లేరు. ‘వీలైనవాళ్లు వచ్చి ఆయన్ని సాగనంపండి’ అంటూ ఓ చిన్న ప్రకటన సామాజిక మాధ్యమాల్లో పెట్టారు. అంతే... వెయ్యి మందికి పైగా తరలివచ్చారు. రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. ఆయన్ని జీవితంలో ఒక్కసారైనా చూసినవాళ్లు అందులో ఎవరూ లేరేమో! అయినా బంధువుల్లా నిలబడ్డారు.

ఇలాంటివి ఎప్పుడో ఒకసారి వార్తల్లోకెక్కుతాయి. కానీ ఏ కెమెరా రాని అంత్యక్రియలు అక్కడ రోజూ జరుగుతుంటాయి. వాటికి హాజరయ్యేవాళ్ల కథే అసలు కథ.

చట్టం ఇచ్చింది ఇద్దరినే

వీరమరణం పొందిన జవానుకి తుపాకులు పేల్చి వందనం చేయడం మనమూ టీవీల్లో చూస్తుంటాం. అమెరికాలో ఆ గౌరవం యుద్ధంలో మరణించినవాళ్లకే పరిమితం కాదు. ఎప్పుడో యాభై ఏళ్ల కిందట సైన్యంలో పనిచేసి, ఆ తరవాత బస్సు నడుపుకునో పొలం చేసుకునో బతికి, ముసలితనంలో మంచాన పోయిన వ్యక్తికీ వర్తిస్తుంది. తప్పుడు పనులు చేసి అగౌరవంగా బయటకి పంపేసినవాళ్లకి మాత్రం ఉండదు.

1990ల్లో ఇది పెద్ద సమస్య అయి కూర్చుంది. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన అమెరికన్లు సుమారు 1.6 కోట్ల మంది. వాళ్లంతా ఒక్కసారిగా వయసు మీదపడి వెళ్లిపోతున్న కాలమది. మరోపక్క ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిపోవడంతో సైన్యం తగ్గిపోయింది, స్థావరాలు మూతబడ్డాయి. ‘మా నాన్న అంత్యక్రియలకు సైన్యం నుంచి ఎవరూ రాలేదు’ అంటూ కుటుంబాలు బాధపడటం మొదలైంది. దాంతో 1999లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2000 జనవరి 1 నుంచి, కుటుంబం అడిగితే చాలు, అర్హుడైన ప్రతి మాజీ సైనికుడికీ సైనిక లాంఛనాలు జరిపి తీరాలి.

అయితే చట్టం హామీ ఇచ్చింది కనీస లాంఛనాలకే. యూనిఫాంలో ఇద్దరు సైనికులు వస్తారు. వాళ్లలో ఒకరైనా మరణించిన వ్యక్తి పనిచేసిన దళానికి చెందినవాళ్లై ఉండాలి. శవపేటిక మీది జెండాని మడిచి కుటుంబానికి అందిస్తారు. ‘ట్యాప్స్’ అనే విషాద గీతిక వినిపిస్తారు. మరి తుపాకుల వందనం? దానికి కావలసిన మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు? అక్కడే మాజీ సైనికుల సంఘాలు ‘మేమున్నాం’ అంటూ ముందుకొచ్చాయి. వాళ్లు లాంఛనాల్లో పాలుపంచుకోవడానికి చట్టమే వీలు కల్పించింది. ఇందుకోసం ఆ సంఘాలకు సైన్యం పాతకాలపు ఎం1 రైఫిళ్లను కూడా ఇస్తుంది.

మంచు కురిసినా... వాన పడినా

ఈ చట్టం రావడానికి ఇరవయ్యేళ్ల ముందే ఆ పని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. మిన్నెసోటా రాష్ట్రంలోని ఫోర్ట్ స్నెల్లింగ్ జాతీయ శ్మశానవాటికలో 1979లో స్వచ్ఛంద రైఫిల్ దళం ఒకటి ఏర్పడింది. అందరూ మాజీ సైనికులే, ఎక్కువమంది పదవీ విరమణ చేసినవాళ్లే. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో బృందం వంతులవారీగా హాజరవుతుంది. మిన్నెసోటా చలి అంటే మాటలు కాదు. ఉష్ణోగ్రత సున్నాకి ఎంతో కిందకి పడిపోతుంది, చేతి తొడుగుల్లోనూ వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిలోనే వరసలో నిలబడి తుపాకీ ఎత్తుతారు. ఒక అంత్యక్రియ ముగియగానే మరోదానికి నడుస్తారు.

వాళ్లు పేల్చేది ఖాళీ తూటాలు. మూడుసార్లు, అందరూ ఒకేసారి. చాలామంది దీన్ని ‘21 తుపాకుల వందనం’ అనుకుంటారు. అది వేరు. దేశాధినేతల్లాంటివాళ్ల గౌరవార్థం పేల్చే ఫిరంగుల వందనమది. ఈ మూడు మోతల వెనక ఓ పాత ఆచారం ఉందంటారు. ఒకప్పుడు ఐరోపాలో యుద్ధం మధ్యలో కాసేపు ఆపి, ఇరుపక్షాలూ తమ మృతుల్ని తీసుకెళ్లేవారు. ఆ పని పూర్తయిందని చెప్పడానికి మూడుసార్లు కాల్చేవారట. ‘మావాళ్లని జాగ్రత్తగా చూసుకున్నాం’ అని చెప్పడమే దాని అర్థం. ఇప్పుడీ పెద్దవాళ్లు చెబుతున్నదీ అదే.

ఆ తరవాతే అసలైన ఘట్టం. తొమ్మిదిన్నర అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉండే జెండాని ఇద్దరు పట్టుకుని 13 మడతలు వేస్తారు. చివరికి నీలం రంగు మీద తెల్ల నక్షత్రాలు మాత్రమే కనిపించే ముక్కోణం మిగులుతుంది. దాన్ని భార్యకో బిడ్డకో అందిస్తూ, దేశాధ్యక్షుడి తరఫున, సైన్యం తరఫున, దేశం తరఫున కృతజ్ఞతలు చెబుతారు. మరి అందుకునేవాళ్లే లేకపోతే? అలాంటిచోట చాలాసార్లు ఓ స్వచ్ఛంద కార్యకర్తే చేతులు చాస్తారు.

బాకా ఊదేదెవరు?

మనుషులు దొరికినా బాకా ఊదేవాళ్లు దొరకలేదు. 2000ల తొలినాళ్లలో అమెరికాలో రోజుకి సుమారు 1,800 మంది మాజీ సైనికులు మరణిస్తుంటే, సైన్యంలో ఉన్న బాకా కళాకారులు 500 మంది. చాలాచోట్ల సీడీ ప్లేయర్‌తోనే సరిపెట్టేవారు. 2003లో రక్షణశాఖ ఓ ఉపాయం ఆలోచించింది. బాకా లోపల ఇమిడిపోయే చిన్న డిజిటల్ పరికరాన్ని ఆమోదించింది. మీట నొక్కి పెదాలకి ఆనించుకుంటే చాలు, కొన్ని క్షణాల్లో గీతిక దానంతటదే మోగుతుంది. చూసేవాళ్లకి నిజంగా ఊదుతున్నట్టే ఉంటుంది.

ఇది అందరికీ నచ్చలేదు. దేశానికి నిజంగా సేవ చేసినవాడికి ఊదినట్టు నటిస్తూ వీడ్కోలు చెప్పడమేంటన్నది వాళ్ల బాధ. టామ్ డే అనే మాజీ మెరైన్ అప్పటికే, 2000లో, ‘బ్యూగిల్స్ అక్రాస్ అమెరికా’ పేరుతో ఓ సంస్థ ప్రారంభించాడు. ప్రతి మాజీ సైనికుడికీ మనిషే బాకా ఊదాలన్నది దాని ఆశయం. బాకా, ట్రంపెట్ వాయించడం వచ్చిన ఆడా మగా ఎందరో అందులో చేరారు. కుటుంబం కోరితే దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి, రుసుము తీసుకోకుండా ఊదివస్తారు.

ఆర్లింగ్టన్ ఆడపడుచులు

వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ శ్మశానవాటిక ప్రపంచ ప్రసిద్ధం. పనిదినాల్లో అక్కడ రోజుకి పాతిక ముప్ఫై దాకా అంత్యక్రియలు జరుగుతాయి. 1948లో అప్పటి వైమానిక దళాధిపతి హోయ్ట్ వాండెన్‌బర్గ్ భార్య గ్లాడిస్ ఓ విషయం గమనించారు. కొన్ని అంత్యక్రియల్లో మతగురువు తప్ప మరొకరు ఉండటం లేదు. ఆమె మనసు చివుక్కుమంది. తాను వెళ్లడం మొదలుపెట్టారు. తరవాత స్నేహితురాళ్లనీ రమ్మన్నారు. అలా పుట్టిందే ‘ఆర్లింగ్టన్ లేడీస్’ బృందం. 1970ల్లో పదాతిదళం, 1985లో నౌకాదళం తరఫునా ఇలాంటి బృందాలు వచ్చాయి. ఎక్కువగా సైనికుల భార్యలు, వితంతువులు. ఎండైనా వానైనా అంత్యక్రియలకు వెళ్తారు. కుటుంబం ఉంటే సంతాప లేఖ చేతికిచ్చి ఓ ఓదార్పు మాట చెబుతారు. ఎవరూ లేకపోతే తామే కుటుంబమై నిలబడతారు.

అసలు అంత్యక్రియల దాకా చేరనివాళ్లూ ఉన్నారు. దహనం తరవాత ఎవరూ తీసుకెళ్లని చితాభస్మం అంత్యక్రియల సంస్థల అల్మారాల్లో ఏళ్లతరబడి ఉండిపోతుంటుంది. ‘మిసింగ్ ఇన్ అమెరికా ప్రాజెక్ట్’ కార్యకర్తలు ఆ పాత్రల మీది పేర్లను ప్రభుత్వ రికార్డులతో సరిచూస్తారు. మాజీ సైనికుడని తేలితే జాతీయ శ్మశానవాటికకి చేర్చి, లాంఛనాలతో ఖననం చేయిస్తారు.

నాలుగు స్వరాల వీడ్కోలు

అంత్యక్రియల్లో వినిపించే ‘ట్యాప్స్’ నిడివి ఒక నిమిషం. 24 స్వరాలుంటాయి కానీ, వాడేది నాలుగు స్వరస్థానాలే. 1862లో అంతర్యుద్ధ సమయంలో వర్జీనియాలోని సైనిక శిబిరంలో జనరల్ డేనియల్ బటర్‌ఫీల్డ్, బాకా కళాకారుడు ఆలివర్ నార్టన్ కలిసి దీనికి ఈ రూపమిచ్చారు. మొదట్లో అది శిబిరంలో రాత్రి దీపాలార్పేయమని చెప్పే సంకేతం. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ అంత్యక్రియల్లో దీన్ని ఊదిన సార్జెంట్ కీత్ క్లార్క్, చలిలో గంటలతరబడి నిలబడ్డాడు. ఆరో స్వరం దగ్గర బాకా గొంతు పగిలింది. విన్నవాళ్లకది దేశమంతా ఏడ్చినట్టనిపించింది.

ఇక మీదట ఎవరు?

ఇప్పుడీ స్వచ్ఛంద దళాలను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. రెండో ప్రపంచయుద్ధపు తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్లని సాగనంపిన వియత్నాం తరానికీ ఎనభయ్యేళ్లు దగ్గరపడుతున్నాయి. నిన్నటి దాకా తుపాకీ ఎత్తిన చేతులు వణుకుతున్నాయి. నిలబడలేనివారు బృందం నుంచి తప్పుకుంటున్నారు. తోటివాళ్లు వాళ్ల అంత్యక్రియలకే వెళ్లి తుపాకులు పేల్చి వస్తున్నారు. ఆ ఖాళీలు నింపాల్సిన ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల తరం ఇంకా ఉద్యోగాల్లో, పిల్లల పెంపకంలో ఉంది. పనిరోజున మధ్యాహ్నం శ్మశానానికి రావడం వాళ్లకి అంత తేలిక కాదు.

అయితే ఆశ లేకపోలేదు. ఓహాయోలోని క్లీవ్‌ల్యాండ్‌లో సెయింట్ ఇగ్నేషియస్ హైస్కూల్ విద్యార్థులు 2002 నుంచీ మోసేవాళ్లు లేని శవపేటికలను మోస్తున్నారు. పేదలు, ఒంటరివాళ్లు, వాళ్లలో మాజీ సైనికులు... ఎవరైనా సరే. ముందు రోజు దాకా ఆ మనిషి పేరైనా వినని పిల్లలు కోటు వేసుకుని, టై కట్టుకుని వచ్చి పేటిక పిడి పట్టుకుంటారు. ఒక్కో పేటికకి ఆరుగురు కావాలి. మనం చెప్పుకునే నలుగురి కన్నా... ఇద్దరు ఎక్కువే!