కేవు చెల్లించే ముందు...

దేవునికి దూరంగా పారిపోవాలనుకున్న యోనా ప్రవక్త యొప్పేకు వెళ్లి, కేవు చెల్లించి మరీ తర్షీషు ఓడ ఎక్కాడు (యోనా 1:3). కేవు అంటే ప్రయాణ చార్జీ. అంత చెల్లించినా ఆయన తర్షీషు మాత్రం చేరలేదు!

మా సంఘంలోని ఒక పెద్దావిడ డల్లాస్‌లో ఉన్న కూతురి కాన్పుకు వెళ్తూ విమానం టిక్కెట్టు చూసిపెట్టమని నన్నడిగారు. ఇంటర్నెట్‌లో అన్నిటికన్నా చవకైనది చూసి కొనిపించాను. హైదరాబాద్ నుంచి ముంబైకి ఒక టిక్కెట్టు, అక్కడి నుంచి మరో కంపెనీలో విడిగా ఇంకొకటి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది. అవి వేర్వేరు టిక్కెట్లు గనుక రెండో కంపెనీ బాధ్యత తీసుకోలేదు. ఆదా చేసిన దానికన్నా కొత్త టిక్కెట్టుకే ఎక్కువైంది. ఆమె చేరేసరికి మనవడు పుట్టేశాడు. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్నది ప్రభువు బోధ (లూకా 14:28). టిక్కెట్టుకూ అదే లెక్క. సామాను చార్జీ, తేదీ మార్పు రుసుము, రద్దుచేస్తే తిరిగొచ్చే సొమ్ము, దారిలో ఆగే గంటలు అన్నీ కలిపితేనే అసలు ధర తెలుస్తుంది. ప్రయాణమంతా ఒకే టిక్కెట్టుపై ఉంటే, ఆలస్యం వల్ల తర్వాతి విమానం తప్పినా సాధారణంగా విమాన సంస్థే మరో దాంట్లో పంపుతుంది. క్రిస్మస్‌కూ, వేసవి సెలవులకూ రద్దీతో చార్జీలు పెరుగుతాయి. తేదీలు కాస్త అటూఇటూ జరుపుకోగలిగితే భారం తగ్గుతుంది.

పొదుపు మంచిదే. కాని మనల్ని నమ్మి ప్రయాణమయ్యే పెద్దలు క్షేమంగా, సమయానికి చేరాలన్నదే ఆ లెక్కలో మొదటి అంకె కావాలి.