పలకని సున్నను రాయడం మరువరాదు

సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మాకు కనిపించే తప్పులలో దురుద్దేశంతో చేసినవి తక్కువ. అంకెను దాని స్థానంలో వేయనందున వచ్చినవే ఎక్కువ.

పాల బిల్లులు నగదుగా చెల్లించే రోజులలో ఒక సంఘంలో జరిగిన సంగతి ఇది. పక్షం చెల్లింపులు ముగిసిన తరువాత పెట్టెలో ఉండవలసిన దానికంటే 1,800 రూపాయలు ఎక్కువగా ఉన్నాయి. సొమ్ము తగ్గితేనే కాదు, మిగిలినా అనుమానమే. సభ్యులు కార్యదర్శిని శంకించసాగారు. 1,800 తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. కనుక ఎక్కడో అంకె జారి ఉంటుందని తలచి, పాల రిజిస్టరును, చెల్లింపుల పట్టికను పక్కపక్కన పెట్టి చూశాము. ఒక సభ్యురాలికి రావలసినది రెండు వేల నలభై. ఒకరు పైకి చదువుతుంటే రెండవవారు 240 అని వేశారు. ఆమె వేలిముద్ర వేసి అంతే తీసుకువెళ్ళింది. గేదె వట్టిపోయే రోజులు గనుక అంతే వచ్చిందనుకున్నదట. ఆ సాయంత్రమే కార్యదర్శి మిగతా సొమ్ము ఆమె ఇంటికి వెళ్ళి ఇచ్చారు.

రెండు వేల నలభైలో వందలు లేవు, ఒకట్లు లేవు. లేనివాటిని మనం నోటితో పలకము. కాని రాతలో ఆ రెండు స్థానాలలోనూ సున్న వేయాలి: 2,040. వందల సున్న మరచినందున 2 వేల స్థానం నుండి వందల స్థానానికి జారి, 2,000 కాస్తా 200 అయింది. అంకె ఒక స్థానం కిందికి జారితే, మిగిలిన విలువకు తొమ్మిది రెట్లు పోతుంది. 200కు తొమ్మిది రెట్లు 1,800. 563ను 536 అని తారుమారుగా వేసినా తేడా 27, అదీ తొమ్మిదితో పోతుంది. అయితే ఇది తప్పును ముందుగా ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే, రుజువు కాదు.

కార్యదర్శులు ఈ మూడు పద్ధతులు పాటించగోరుతాము.

1. కుడి నుండి మూడు అంకెలకు ఒక కామా, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి పెట్టాలి. లక్షా ఐదు వేల నలభై అంటే 1,05,040. దీనిని 15,040 అని వేస్తే 90,000 తేడా వస్తుంది.

2. రాసిన తరువాత అంకెలు లెక్కించాలి. వేలయితే నాలుగు లేక ఐదు, లక్షలయితే ఆరు లేక ఏడు అంకెలు ఉండాలి.

3. మొత్తాన్ని అక్షరాలలో కూడా రాసి, సభ్యునికి చదివి వినిపించి, ఆ తరువాతనే సంతకం తీసుకోవాలి.

ఇప్పుడు లెక్కలు కంప్యూటరులో ఎక్కిస్తున్నాము, సొమ్ము బ్యాంకు ఖాతాకు పోతున్నది. యంత్రం కూడికలో పొరబడదు. కాని మనం 240 అని ఎక్కిస్తే అది 240నే కూడుతుంది.